మంత్రి ఎందుకు నోరు విప్పలేదు

నాటక సమాజంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పుస్తకం బాబాయ్. ముప్ఫై ఒక్క సంవత్సరాలు సమాజంలో ఉన్నా స్టేజీ మీద ఒక్కసారి కూడా కనిపించలేదు. కుడిపక్క తెర చాటున పొట్టి స్టూలు వేసుకుని, నాటకం రాతప్రతిని మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరికైనా మాట తట్టకపోతే అందించడం ఆయన పని. నటుడు తడబడబోతున్నాడని నటుడి కంటే ముందే ఆయనకి తెలిసిపోయేది. తెలియడానికి మొహం చూడక్కర్లేదు, మడమలు చూస్తే చాలనేవాడు. మాట మరిచిపోబోయే మనిషి ఒక మడమ కొంచెం పైకి లేపుతాడట. అప్పుడు బాబాయ్ మాటని విసిరేవాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడకుండా, నటుడి చెవిలో మాత్రమే పడేలా విసరడం ఆ ఊరిలో ఇంకెవరికీ చేతకాలేదు.

పగటిపూట ఉద్యోగం కోర్టులో, నకళ్ళ విభాగంలో. తీర్పులూ దస్తావేజులూ చూసి మక్కికి మక్కి దించడం. ఆయన రాసిన నకలుని అసలుతో పోల్చి చూసి సంతకం పెట్టవలసిన పై గుమాస్తా, కొన్నాళ్ళకి పోల్చడం మానేసి సంతకం మాత్రం పెట్టేవాడు. "నీ నకలు చూడాలంటే అసలుకే సిగ్గేస్తుందయ్యా" అనేవాడు. రిటైరైన రోజున కూడా అందరూ అదే మాట చెప్పారు. అక్షరం పొల్లు పోని మనిషి అన్నారు. బాబాయ్ తల వంచుకుని విన్నాడు గానీ, కాదనలేదు.

సమాజం ఆడే పదిహేను పాత నాటకాల రాతప్రతులూ ఆయన చేత్తో రాసినవే. అచ్చు పుస్తకాలు పురుగు పట్టి, చేత్తో పట్టుకుంటే రాలిపోయే స్థితికి వచ్చాక, ఇరవై ఆరేళ్ళ కిందట కోర్టు సెలవుల్లో కూర్చుని ఒక్కొక్కటే దించాడు. ఆ నాటకాల్లో ఎవరు ఎందుకు ఏడుస్తారో, ఎవరు ఎవరిని ఎందుకు చంపుతారో ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. ఆయన లెక్కలో పాత్రలు మనుషులు కారు, వంతులు. ఈయన తర్వాత ఆయన, ఆయన తర్వాత ఈవిడ. వంతు తప్పకపోతే నాటకం బాగున్నట్టే.

ఆయన బావ దానికి పూర్తిగా వ్యతిరేకం. బాబాయ్ అక్క మొగుడు ఊళ్ళో కుళాయిల మేస్త్రీ. కారే గొట్టం దగ్గరికి వెళ్ళినా ముందు స్పానర్ తీయడు. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, ఎందుకు ఇక్కడే కారుతున్నాయి అని అరగంట ఆరా తీస్తాడు. నాటకంలోనూ అంతే. సమాజానికి పేరు తెచ్చిన కోట నాటకంలో ఆయన మంత్రి వేషం వేసేవాడు.

ఆ నాటకం కథ ఊళ్ళో అందరికీ తెలిసినదే. రాజు కోటని అతని తమ్ముడి సైన్యం చుట్టుముట్టి ఉంటుంది. మూడో అంకంలో రాణి సింహద్వారం తాళంచెవిని తెచ్చి నమ్మకంగా మంత్రి చేతిలో పెడుతుంది. "ఈ రాత్రికి ఇది నా దగ్గరే ఉంటుంది" అంటాడు మంత్రి. వెంటనే ద్వారం తెరుచుకుందని కేకలు. శత్రువులు లోపలికొస్తారు. తెల్లారేసరికి వాళ్ళని తరిమేస్తారు గానీ అప్పటికే రాజు కొడుకు చనిపోయి ఉంటాడు. చివరి అంకంలో నిండు సభలో రాజు మంత్రిని నిలబెట్టి, "ద్వారం తీసింది ఎవరు?" అని మూడుసార్లు అడుగుతాడు. మంత్రి మూడుసార్లూ నోరు విప్పడు. "తీసుకుపోండి" అంటాడు రాజు. భటులు తీసుకుపోతారు. అంతే నాటకం.

"కోట అమ్మేసినవాడు చీకట్లో చక్కగా జారుకోవచ్చు కదరా. పొద్దున్నే తయారై సభకొచ్చి ఎందుకు నిలబడ్డాడు?" అని మేస్త్రీ మొదటి రిహార్సల్లోనే అడిగాడు.

"పుస్తకంలో నిలబడ్డాడు బావా. నువ్వూ నిలబడు."

"పోనీ, అడిగినప్పుడు అబద్ధమైనా చెప్పొచ్చు కదా. నేను కాదు అనొచ్చు."

"నీకు అక్కడ మాట లేదు బావా."

ఏటా ఇదే వరస. మొదటి ప్రదర్శనలో మూడో ప్రశ్నకి వచ్చేసరికి మేస్త్రీకి ఆ మౌనం మొయ్యడం చేతకాలేదు. హాల్లో దగ్గులు మొదలయ్యాయి. ఏం చెయ్యాలో తోచక, పళ్ళ మధ్య నుంచి సన్నగా, నీచంగా ఒక నవ్వు నవ్వాడు. హాలు ఈలలతో దద్దరిల్లిపోయింది. అప్పటినుంచి ఆ నవ్వు నాటకంలో భాగమైపోయింది. పిల్లలు వీధిలో ఆ నవ్వు నవ్వి పారిపోయేవాళ్ళు. కుళాయి బాగుచేయించుకునే ఇల్లాళ్ళు, బయటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, "పని చేసుకోండి మేస్త్రీగారూ, తాళంచెవి మాత్రం పక్కింటావిడకి ఇచ్చి వెళ్తాను" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు. ఆవిడ ప్రతి ఏడూ మూడో అంకం దాకా చూసి, ఇంట్లో పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని లేచి వెళ్ళిపోయేది.

ఇరవై ఆరేళ్ళయ్యాక మేస్త్రీ మోకాళ్ళు ఇంక నిలబడలేమన్నాయి. ఈ ఏడాదితో మంత్రి వేషం ఆపేస్తానన్నాడు. మంత్రి చివరి నవ్వు చూడటానికి రండని సమాజంవాళ్ళు గోడల మీద కాగితాలు అంటించారు.

ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు ఆడపిల్లల కాలేజీ నుంచి లెక్చరరమ్మ ఒకావిడ బాబాయ్ ఇంటికి వచ్చింది. తన విద్యార్థినులని నాటకానికి తీసుకొస్తుందట. కాలేజీ లైబ్రరీలోని అచ్చు పుస్తకం చేతిలో ఉంది.

"ఒక్క సందేహం బాబాయ్‌గారూ. మూడో అంకంలో అయిదో రంగం మీరు తీసేశారు కదా. చాలా సాహసమైన కోత అండి. అది తీసేసేసరికి మంత్రి ఎలాంటివాడో చివరిదాకా తేలదు. ఆ ఆలోచన ఎవరిది?"

"మూడో అంకంలో నాలుగే రంగాలమ్మా" అన్నాడు బాబాయ్.

ఆవిడ పుస్తకం తెరిచి ఇచ్చింది. ఆయన నిలబడే చదివాడు. చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. ఒక్క రెండు రోజులు పుస్తకం ఉంచమని మాత్రం అడిగాడు.

ఆవిడ అటు వెళ్ళగానే ఈయన సమాజం సామాన్లగదికి వెళ్ళి, కిరీటాలూ గడ్డాలూ పక్కకి జరిపి, రేకుపెట్టెలోంచి పాత అచ్చు పుస్తకం పైకి తీశాడు. మూడో అంకంలో చిరిగిన కాగితానికి ఎప్పుడో ఎవరో పట్టీ అతికించారు. ఆ జిగురు పక్కకి పాకి రెండు కాగితాలనీ ఒకటి చేసేసింది. బాబాయ్ రెండూ కలిపి తిప్పేశాడు. తిప్పుతున్నప్పుడు ఈ కాగితం కాస్త దళసరిగా ఉందేమిటా అనుకున్న సంగతి కూడా, ఇరవై ఆరేళ్ళ తర్వాత, ఆ గదిలో నిలబడి ఉండగా ఆయనకి గుర్తొచ్చింది. ముందు పేజీ "నా దగ్గరే ఉంటుంది"తో ముగిసింది. అవతలి పేజీ "ద్వారం తెరుచుకుంది" అనే కేకతో మొదలైంది. అతుకు తెలియకుండా అతుక్కుపోయాయి రెండూ.

మధ్యలో మరుగునపడిపోయిన రంగం పొడవు రెండు పేజీలే. అందులో రాజు ఒంటరిగా మంత్రి దగ్గరికొచ్చి తాళంచెవి అడుగుతాడు. తమ్ముణ్ణి ఎవరికీ తెలియకుండా లోపలికి పిలిచి మాట్లాడతాడట. ఒకే తల్లి పిల్లలం, మొహం చూస్తే కరుగుతాడంటాడు. వద్దంటాడు మంత్రి. రాజు వినడు. ఈ మాట మన ఇద్దరితోనే చావాలని ఒట్టు వేయించుకుని తాళంచెవి పట్టుకుపోతాడు.

బాబాయ్ ఆ పూట ఏమీ తినలేదు. బావ ఇరవై ఆరేళ్ళుగా ఒక నిజాయితీపరుణ్ణి దొంగగా ఆడుతున్నాడు. అదీ తన చేతిరాతని నమ్మి. చెప్తే, ఊరంతా మెచ్చుకున్న ఆ నవ్వు రేపటినుంచి ఆయన గొంతులో ముల్లవుతుంది. పైగా తనని ఇంక బావమరిదిగా చూస్తాడో లేదో తెలియదు. చెప్పకపోతే, మోకాళ్ళ నొప్పుల మనిషి చివరిసారి కూడా తప్పుగానే నిలబడి దిగిపోతాడు. నకళ్ళ గుమాస్తాగా తన పరువు సంగతి కూడా మనసులో మెదిలింది. దాన్ని చివర్న పెట్టుకున్నాడు గానీ, లేదనుకోలేదు.

మర్నాడు ఉదయం మేస్త్రీ ఒక ఇంట్లో వంటింటి సింకు కింద పడుకుని ఉన్నాడు. నడుము పైభాగం అలమారలో ఉంది. రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఇంటావిడ పెరట్లో బట్టలారేస్తోంది.

"ఎవరది? నువ్వేనా? ఆ బకెట్టు ఇటు తొయ్యి" అన్నాడు సింకు కింద నుంచి.

బాబాయ్ బకెట్టు తోశాడు. పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "బావా, ఒకటి చదువుతాను, విను."

"వినడానికేం, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

బాబాయ్ చదివాడు. తెర చాటున అందించినట్టు, ఏ భావమూ లేకుండా, ఎవరి వంతు వాళ్ళకిస్తూ చదివాడు. మొదట్లో లోపల స్పానర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. రాజు తాళంచెవి అడిగేసరికి ఆగిపోయింది. చదవడం అయ్యాక కూడా కాళ్ళు కదల్లేదు.

"ఇంకోసారి చదువు."

మళ్ళీ చదివాడు.

"ఏ నాటకం ఇది?"

"మనదే బావా."

ఏం జరిగిందో చెప్పాడు. జిగురు, పట్టీ, దళసరి కాగితం, ఏదీ దాచలేదు. సింకు కింద గొట్టంలోంచి చుక్కలు బకెట్టులో పడుతున్నాయి.

"నేను అడిగానా లేదా?" అన్నాడు మేస్త్రీ.

"అడిగావు."

"ఎన్నిసార్లు అడిగాను?"

"ఏటా అడిగావు."

"అడిగినప్పుడల్లా ఏమన్నావు?"

మేస్త్రీ మెల్లగా బయటికి జరిగి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం మీద మసి ఉంది. ఆయన బాబాయ్ వైపు చూడలేదు. చేతిలో ఉన్న వాషర్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"పాపం, నోటి దాకా వచ్చిన మాటని పట్టుకుని నిలబడ్డాడన్న మాట. ఎదురుగా ఆ తీసినవాడే ఎవరు తీశారని అడుగుతుంటే. నేనేమో నవ్వాను" అన్నాడు. మళ్ళీ సింకు కిందకి జరుగుతూ, "నువ్వు వెళ్ళరా. నాకు పనుంది" అన్నాడు.

బాబాయ్ అక్కణ్ణుంచి సమాజం కార్యదర్శి ఇంటికి వెళ్ళాడు. ఆ రంగం కలుపుకోవడానికి ఇంకా మూడు రోజులుంది. రెండు పేజీలు ఎవరైనా నేర్చుకోగలరు. అయితే రాజు వేషం కార్యదర్శిదే. మందుల దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి. బాబాయ్ ఆ రంగం దించుకొచ్చిన కాగితం మొత్తం చదివి, మడిచి ఆయన చేతిలోనే పెట్టాడు.

"ఇరవై ఆరేళ్ళుగా నేను మంచి రాజుని. ఇప్పుడు, బావగారి ఆఖరి ప్రదర్శన అని, నా చేత నా కోట తలుపే తీయిస్తారా?"

"రాసినాయన అలాగే రాశాడండి."

"రాసినాయన టిక్కెట్టు కొనడు బాబాయ్. కొన్నవాళ్ళంతా నవ్వు కోసం వస్తున్నారు. మంత్రి మంచివాడైతే ఇంకెక్కడి నవ్వు? నా మాట విని, పుస్తకంలో ఆ రెండు కాగితాల్నీ మళ్ళీ అతికించెయ్యి."

ఆ తర్వాతి రెండు రిహార్సళ్ళకి మేస్త్రీ మోకాళ్ళ వంక చెప్పి రాలేదు. బాబాయ్‌తో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రదర్శన రోజు పొద్దున అక్కే తమ్ముడింటికి వచ్చింది.

"ఏం చెప్పావురా ఆయనకి? రెండు రోజుల్నుంచీ అద్దం ముందు నిలబడి ఉంటున్నారు. గంటసేపు పలుకూ లేదు, ఉలుకూ లేదు. ఏం చేస్తున్నారని అడిగితే, మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటున్నానన్నారు. పెళ్ళయిన నలభై ఏళ్ళల్లో నేను నేర్పలేకపోయాను."

"నా మీద కోపంగా ఉన్నారా అక్కా?"

"ఉన్నారు. అన్నం దగ్గర నీ ఊసెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. అయినా నీ పేరు నువ్వే చెడగొట్టుకుని వచ్చి చెప్పావట కదా. ఆ మాట కూడా ఆయనే అన్నారు. ఏది ఎక్కువో నాకు తెలియట్లేదు." ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నిజంగా ఆయన తీయలేదా తలుపు?"

"తీయలేదక్కా. రాజే తీశాడు."

"చూశావా" అంది. గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. గోడల వెంట కూడా మనుషులు నిలబడ్డారు. మూడో అంకం అయ్యాక బాబాయ్ తెర సందులోంచి తొంగి చూశాడు. అక్క తన కుర్చీలోనే ఉంది.

చివరి అంకం మొదలైంది. రాజు సింహాసనం మీద నుంచి లేచి మొదటిసారి అడిగాడు. "ద్వారం తీసింది ఎవరు?" మంత్రి పలకలేదు. రెండోసారి అడిగాడు. హాల్లో అప్పుడే కుర్చీలు కిర్రుమంటున్నాయి. నవ్వు వచ్చేది మూడోసారికి అని అందరికీ తెలుసు. తల్లులు పిల్లల్ని పైకెత్తి పట్టుకున్నారు.

"ద్వారం తీసింది ఎవరు?"

మంత్రి నవ్వలేదు.

వెనక వరసల్లో ఎవడో ఆ నవ్వు తానే నవ్వి చూపించాడు. పదిమంది కిసుక్కుమన్నారు. మంత్రి కదల్లేదు. బాబాయ్ అలవాటు కొద్దీ మడమల వైపు చూశాడు. రెండూ నేలకి ఆనే ఉన్నాయి. అది మరిచిపోయిన మనిషి నిలబడే పద్ధతి కాదు.

చిక్కు వచ్చిపడింది రాజుకి. "తీసుకుపోండి" అనే మాట నవ్వు తర్వాత అనడమే కార్యదర్శికి అలవాటు. నవ్వు లేకపోయేసరికి ఆ మాట ఆయనకి అందలేదు. ఒక మడమ పైకి లేచింది. కంటి చివరతో తెర చాటుకి చూశాడు. బాబాయ్ నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఏ నటుడినీ అలా గాలికి వదిలెయ్యలేదు. ఇప్పుడు పెదాలు బిగించి, పుస్తకం మూసి, చూపు కిందకి దించుకున్నాడు.

అందించేవాళ్ళు లేక రాజు ఎటో ఒకవైపు చూడక తప్పలేదు. మంత్రి మొహంలోకి చూశాడు. మేస్త్రీ కళ్ళల్లో కోపం లేదు, నింద లేదు. నీ సంగతి నా దగ్గర భద్రంగానే ఉందిలే అన్నట్టు చూస్తున్నాడు. ఆ రెండు పేజీలూ కార్యదర్శి చదివి ఉన్నవాడే. చదవనట్టు ఎంతోసేపు నిలబడలేకపోయాడు. తల వాలిపోయింది. హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. "తీసుకుపోండి" అన్న మాట చివరి వరసలకి వినపడనే లేదు.

చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి. కొందరు అసలు కొట్టలేదు. ముసలాయన నవ్వు మరిచిపోయాడు పాపం అనుకుంటూ వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. నవ్వు చూపించకుండానే పంపేశారని ఒకాయన తలుపు దగ్గర తగువు కూడా పెట్టుకున్నాడు. మూడో వరసలో అక్క పక్కన కూర్చున్నావిడ మాత్రం, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళే బాపతు మనిషే, వంగి నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ, మీవారు కాదు కదూ తీసింది?"

"కాదండీ" అంది అక్క.

మేస్త్రీ ఆ సాయంత్రం రంగు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. బాబాయ్‌ని దాటుకునే వెళ్ళాడు. బాబాయ్ మూసిన పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ స్టూలు మీదే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో స్పానర్ల సంచీ దబ్బున పడిన చప్పుడైంది. మేస్త్రీ మోకాలు పట్టుకుని లోపలికొచ్చి, పిలవకుండానే కుర్చీలో కూర్చున్నాడు. సంచీలోంచి స్పానర్లకి బదులు సమాజం రాతప్రతులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు. మొత్తం పద్నాలుగు. వాటి పక్కన కాలేజీ లైబ్రరీ ముద్ర ఉన్న అచ్చు పుస్తకాలు నాలుగు.

"లెక్చరరమ్మని మొన్ననే అడిగి తెచ్చాను. మిగతావి వచ్చే వారం ఇస్తానంది" అన్నాడు.

"ఎందుకు బావా ఇవన్నీ?"

"ఎందుకేంట్రా? ఇంకా ఎంతమంది మంచివాళ్ళని పాడుచేశావో తేలాలి కదా. ఈ పైనున్న నాటకంలో సవతితల్లి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. పిల్లాడికి పాలలో విషం కలిపిన మనిషి, ఆ పాలు తాగొద్దని దాసీతో కబురెందుకు పంపుతుంది? చెప్పు."

"పుస్తకంలో..." అనబోయి బాబాయ్ ఆగాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మొహం అటు తిప్పుకునే తుడుచుకున్నాడు. తర్వాత కుర్చీని బావ పక్కకి లాక్కుని, "ఎందుకు పంపుతుంది బావా?" అన్నాడు.

"అదీ, ఇప్పుడడిగావు" అన్నాడు మేస్త్రీ. "నువ్వు రాసింది నువ్వు చదువు. అచ్చువేసింది నేను చూస్తుంటాను. మెల్లగా చదవరా, నేను గుమాస్తాని కాను."